తెల్లారి ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క: కుంట నీటి పీహెచ్ ఏడాది పొడవునా చూసుకోవడం ఎలా

రోహిణి కార్తెలో ఒకరోజు తెల్లవారుజామున మా కుంట నీళ్లలో పీహెచ్ చూసే పెన్ను ముంచితే 7.3 చూపించింది. అదే రోజు మధ్యాహ్నం మూడున్నరకు ముంచితే 9.1. పెన్ను చెడిపోయిందనుకొని కడిగి, తుడిచి, మళ్లీ ముంచాను. మళ్లీ 9.1. పెన్ను బాగానే ఉంది. మారింది నీళ్లే.

మాది చిత్తూరు వైపు దామలచెరువు దగ్గర మామిడి తోట. తోటకు పల్లంలో ముక్కాలు ఎకరా కుంట ఉంది. అందులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు వదులుతాం. అవే నీళ్లు డ్రిప్పుకూ, చెట్లకు మందు కొట్టడానికీ వాడతాం. కుంట కట్ట మీద పుస్తకం పట్టుకొని కూర్చుంటే పక్క చేను పెద్దాయన “నీళ్లకు కూడా జ్వరం చూస్తావా నాయనా?” అని నవ్వుతుంటాడు. ఆయన అన్నది తప్పేం కాదు. జ్వరం కూడా పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉంటుంది కదా. ఒక్కసారి చూసి మందు వేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. ఆ సంగతి సున్నం దగ్గర చెబుతాను.

అంకె అంటే ఏమిటి

పీహెచ్ కొలత 0 నుంచి 14 దాకా. 7 అంటే అటూ ఇటూ కానిది, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 1909లో డెన్మార్క్‌కు చెందిన సోరెన్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొలతను తెచ్చాడు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. 7 నుంచి 6కు దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు, 5కు దిగితే వంద రెట్లు. అందుకే పొద్దున 7, సాయంత్రం 9 వచ్చిందని సగటు 8 అని రాసుకోవద్దు. ఆ సగటుకు అర్థం లేదు. రెండు అంకెలూ విడివిడిగా రాయాలి.

చేపలకు 6.5 నుంచి 8.5 దాకా హాయి. మధ్యాహ్నం కాసేపు 9 దాకా పోయినా తట్టుకుంటాయి. 4 కంటే దిగినా, 11 దాటినా బతకవు. ఆ మధ్యలో ఉన్న చెడ్డ నీళ్లలో చావకపోయినా ఎదుగుదల ఉండదు.

ఇక పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఎందుకంటే, నీటిలోని పచ్చదనం, అంటే నాచు, కంటికి కనిపించని పాచి, ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని కార్బన్ డయాక్సైడును తినేస్తుంది. ఆ వాయువు నీళ్లలో కరిగితే ఆమ్లం. అది తగ్గేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది. చీకటి పడ్డాక పాచి, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ ఊపిరి వదులుతూనే ఉంటాయి, పీల్చుకునేది మాత్రం ఉండదు. తెల్లారేసరికి పీహెచ్ కిందికి వచ్చేస్తుంది. కుంట రోజుకు ఒక్కసారి గాలి పీల్చి వదులుతున్నట్టు. మనం చూడాల్సింది ఆ ఊపిరి ఎంత లోతుగా ఉందనేది.

దేనితో చూడాలి

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి దిష్టి నీళ్లవుతాయని ప్రతి ఇంట్లో తెలుసు. అదీ పీహెచ్ పరీక్షే. పసుపు దాదాపు 7.4 దాకా పచ్చగానే ఉండి, 8.6 దగ్గరికి వచ్చేసరికి ఎర్రబడుతుంది. పిల్లలకు చూపించడానికి బాగుంటుంది కానీ కుంటకు చాలదు. 6.2కీ 7.2కీ తేడా దానికి తెలియదు, మనకు కావాల్సిందేమో ఆ తేడానే.

పీహెచ్ కాగితాలు చవక. 1 నుంచి 14 దాకా చూపే చుట్టలో ఒక్కో రంగుకు ఒక్కో అంకె ఉంటుంది, సగం అంకె తేడా కన్ను పట్టలేదు. పైగా తుపాను తర్వాతి ఎర్రమట్టి నీళ్లలో కాగితం రంగు కంటే మట్టి రంగే ముందు కనిపిస్తుంది. చుక్కల మందు కిట్టు వీటికంటే నయం. చేపల సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. అయితే చాలా కిట్లు 7.6 దగ్గరే ఆగిపోతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నాలకు అవి పనికిరావు, 8 పైన చూపే కిట్టు విడిగా అడగాలి.

నేను వాడేది డిజిటల్ పెన్ను. కొనేటప్పుడు రెండో దశాంశం కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. వేడికి సర్దుబాటు చేసుకునే సదుపాయం ఉందా, కనీసం రెండు చోట్ల సరిచేసుకునే వీలుందా అన్నవి చూడండి చాలు. పెన్నుతో పాటు ఆల్కలినిటీ, అంటే పీహెచ్ మార్పును తట్టుకునే నీళ్ల శక్తి, చూసే చుక్కల కిట్టు కూడా తప్పకుండా తీసుకోండి. ఎందుకో ఈశాన్య వానల దగ్గర తెలుస్తుంది.

పెన్నును దారిలో పెట్టడం

పెన్ను సరిగ్గా చూపుతోందో లేదో సరిచూసుకోవడానికి, పీహెచ్ ముందే తెలిసిన పొడి చిన్న పొట్లాల్లో పెన్ను పెట్టెలోనే వస్తుంది. ఎక్కువగా 4, 6.86, 9.18 అని రాసి ఉంటుంది. వాటి మీద చెప్పినన్ని నీళ్లలో, స్వేదజలం అయితే మంచిది, కలిపి మూత గట్టిగా ఉన్న సీసాల్లో పోసుకోవాలి. ముందు 6.86లో ముంచి సరిచేయాలి, తర్వాత 9.18లో. మన కుంటలు ఎక్కువగా 7 పైనే ఉంటాయి కాబట్టి రోజువారీకి ఈ జంట చాలు. వానల తర్వాత 7 కిందికి దిగితే 4తో కూడా ఒకసారి సరిచూసుకోండి. ఒక సీసాలోంచి తీసి ఇంకో సీసాలో ముంచేముందు మంచినీళ్లతో కడిగి, దూదితో అద్దాలి. రుద్దకూడదు.

ఇక్కడ మన ఎండతో ఒక చిక్కు. ఆ ద్రావణాల అంకెలు 25 డిగ్రీల వేడికి చెప్పినవి. 40 డిగ్రీలకు 9.18 ద్రావణం 9.07కు దిగుతుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో ఉన్న సీసా తీసి సరిచేస్తే మొదలే తప్పు. ఇంట్లో నీడన, కుండ పక్కన పెట్టిన సీసాలతో పొద్దునే ఆ పని చేసుకోండి. వాడిన ద్రావణాన్ని మళ్లీ సీసాలో పోయవద్దు. చిన్న మూతలో కొంచెం పోసుకొని వాడి పారబోయండి.

పెన్ను కొనలో ఉండే గాజు బుడ్డిని ఎండనివ్వకూడదు. మూతలో పొటాషియం క్లోరైడ్ నిల్వ ద్రావణం నాలుగు చుక్కలు ఎప్పుడూ ఉండాలి. స్వేదజలంలోనో ఆర్‌ఓ నీళ్లలోనో నానబెడితే మంచిదని చాలామంది అనుకుంటారు. అది బుడ్డిని పాడుచేస్తుంది. మన బోరు నీళ్ల వల్ల తెల్లటి పొర కడితే పలుచటి వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ముంచి కడిగితే పోతుంది. నా మొదటి పెన్ను ఒక్క ఎండాకాలం మూత తీసి కిటికీలో పెట్టినందుకే పోయింది.

నీళ్లు తీయడం

అసలు తప్పులు జరిగేది ఇక్కడే. గట్టు పక్కన చేతితో ముంచిన నీళ్లు కుంట నీళ్లు కావు. అక్కడ లోతు తక్కువ, వేడి ఎక్కువ, పాచి ఎక్కువ. బోరు పైపు పడే చోటా, వాన కాలువ కలిసే చోటా తీయకూడదు. కుంట లోపలికి నాలుగడుగులు పోయేలా ఒక వెదురు గడ కట్టుకొని, దానికి లీటరు సీసా బిగించండి. ఆ కుంట నీళ్లతోనే సీసాను మూడుసార్లు తొలిచి, నాలుగోసారి మూర లోతున ముంచి, బుడగ లేకుండా నిండా నింపాలి. సీసాలో గాలి ఉంటే నీటిలోని కార్బన్ డయాక్సైడు అందులోకి పోతుంది, అంకె మారుతుంది.

అడుగు నీళ్లు కూడా వారానికి ఒకసారైనా చూడాలి. దానికి పెద్ద పరికరం అక్కర్లేదు. సీసాకు రాయి కట్టి, మూతికి బెండు బిగించి, ఆ బెండుకు వేరే దారం కట్టండి. అడుగుకు దించాక దారం లాగితే బెండు ఊడి అక్కడి నీళ్లు నిండుతాయి.

తీసిన నీళ్లను కట్ట మీదే, నీడలో, పావుగంటలోపు చూడండి. ఇంటికి తీసుకెళ్లి కాఫీ తాగాక చూస్తే అది వేరే నీళ్లు. పెన్ను ముంచి మెల్లగా ఒకసారి తిప్పి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. మామూలు నీళ్లలో నిమిషం పడుతుంది. వాన నీళ్లు ఎక్కువ కలిసిన రోజుల్లో లవణాలు తక్కువ కాబట్టి పెన్ను నిదానంగా నిలుస్తుంది, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి.

వేళలు రెండే. పొద్దు పొడవకముందు ఒకటి, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఇంకొకటి. మామూలు రోజుల్లో వారానికి రెండు రోజులు చాలు. పెద్ద వాన పడ్డాక, నీళ్ల రంగు మారినప్పుడు, కత్తిరి ఎండల్లో మాత్రం వరుసగా చూడాలి.

బోరు నీళ్ల మాయ

మన వైపు ఎండాకాలంలో కుంటను నిలబెట్టేది బోరే. బోరు నోటి దగ్గర నీళ్లు పట్టి చూస్తే ఒక్కోసారి 6.8 వస్తుంది. ‘ఇది కొంచెం ఆమ్లం, కుంటలో పీహెచ్ తగ్గుతుంది’ అనుకొని సంతోషిస్తాం. అదే నీళ్లు బకెట్లో పోసి, చెంబుతో పదే పదే ఎత్తి పోసి, ఒక గంటాగి చూడండి. 7.8 అయినా అవుతుంది. భూమి లోపల ఒత్తిడిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు బయట గాలి తగలగానే పోతుంది. కుంటకు లెక్కలోకి వచ్చేది ఆ రెండో అంకె. బోరు మార్చినా, లోతు పెంచినా ఈ బకెట్ పరీక్ష మళ్లీ చేయండి.

ఎండాకాలం

మార్చి నుంచి జూన్ దాకా నీళ్లు తగ్గుతాయి, లవణాలు చిక్కబడతాయి, పాచి చెలరేగుతుంది. పొద్దున 7.5, మధ్యాహ్నం 9 పైన. ఈ కాలంలో భయపడాల్సింది ఆమ్లానికి కాదు, క్షారానికి. అసలు భయం అమ్మోనియా. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది. అది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటే విషం. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. 8 అయితే దాదాపు ఏడెనిమిది పాళ్లు. 9 అయితే నూటికి నలభై పైనే. కుంటలో అమ్మోనియా పెరగకపోయినా, పీహెచ్ పెరిగినందుకే మధ్యాహ్నం చేపలు చావొచ్చు.

కాబట్టి మధ్యాహ్నం అంకె రెండు మూడు రోజులు 9 దాటితే మేత తగ్గించండి, పేడ, యూరియా ఆపండి, వీలైతే కొంత పాత నీళ్లు తోటకు పారించి కొత్త నీళ్లు వదలండి. యాసిడ్ పోయడం గురించి ఆలోచించవద్దు. కొందరు బెల్లం నీళ్లు పోస్తారు. మన జిల్లాలో బెల్లానికి కొదవా! అది పని చేస్తుంది కూడా. బెల్లం తిన్న సూక్ష్మజీవులు కార్బన్ డయాక్సైడు వదులుతాయి, పీహెచ్ దిగుతుంది. కానీ అవే రాత్రి ఆక్సిజన్‌ను లాగేస్తాయి. నీళ్లు చిలికి గాలి కలిపే చక్రం లేని కుంటలో నేను ఆ సాహసం చేయను.

మందు కొట్టేవాళ్లకు ఒక మాట. మలాథియాన్ లాంటి మందులు క్షార నీటిలో త్వరగా విరిగిపోతాయి. మధ్యాహ్నం 9 ఉన్న నీళ్లు డ్రమ్ముకు పట్టి రాత్రంతా మందు కలిపి ఉంచితే డబ్బు నీళ్లపాలే. తెల్లవారుజామున పట్టండి, వెంటనే కొట్టండి.

తొలకరి, మామిడి కోతలు

జూన్, జూలైల్లో బెంగళూరా (తోతాపురి) కాయ కోతలు ఒక పక్క, మొదటి వానలు ఇంకో పక్క. తోటలో రాలిన కాయ, ఆకు, పశువుల కొట్టం కడిగిన నీళ్లు అన్నీ పల్లానికే. మామిడి గుజ్జు స్వయంగా ఆమ్లం, కుళ్లేటప్పుడు ఇంకా వాయువు వదులుతుంది. తెల్లవారి అంకె దిగుతుంది. మేం కుంట పైన చిన్న అడ్డుకట్ట వేసి మొదటి రెండు వానల నీళ్లు పక్కకు మళ్లిస్తాం.

ఇంకో ప్రమాదం ఎండలు మండి ఉన్నట్టుండి ఈదురుగాలి, వాన వచ్చిన రాత్రి. అప్పటిదాకా పైన వేడి నీళ్లు, అడుగున చల్లటి నల్లటి నీళ్లు విడిగా ఉంటాయి. గాలివాన వాటిని కలిపేస్తుంది. బెండు సీసాతో ముందే చూసి ఉంటే, పైకీ అడుగుకూ ఒక అంకె పైన తేడా ఉందంటే జాగ్రత్త పడొచ్చు. ఆ తెల్లారి చేపలు నోళ్లు పైకెత్తితే అది ముందుగా ఆక్సిజన్ కొరత, పీహెచ్ కాదు. ముందు నీళ్లు చిలకండి, మోటారు పెట్టి పైనుంచి కొట్టండి, కొలతలు తర్వాత.

ఈశాన్య వానలు

మనకు గట్టి వానలు పడే కాలం ఇదే. స్వాతి కార్తె నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలప్పుడు రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి తెలిసిందే. అంత వాన రాకపోయినా, చెరువులు నిండి మొరవ పోయే వారంలో కుంటలో పాత నీళ్లు మిగలవు.

కాలుష్యం లేని వాన నీటి పీహెచ్ కూడా దాదాపు 5.6. గాలిలోని కార్బన్ డయాక్సైడే కారణం. ఈ నీళ్లు కుంటలో కలిస్తే కాస్త దిగుతుంది, దానికి గాభరా అక్కర్లేదు. గమనించాల్సింది ఆల్కలినిటీ. పీహెచ్ అనేది ఇప్పుడు జేబులో ఉన్న చిల్లర అయితే ఆల్కలినిటీ బ్యాంకులో ఉన్న డబ్బు. ఆమ్లం వచ్చినా క్షారం వచ్చినా తట్టుకునే శక్తి అది. లీటరుకు 50 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది, 20 కంటే తగ్గితే కుంట నిలకడ పోయినట్టే. ఎండాకాలంలో బోరు నీళ్లతో ఎక్కువగా ఉన్న ఆల్కలినిటీని తుపాను వాన కడిగేస్తుంది.

ముసురు రోజుల్లో ఇది బయటపడదు. ఎండ లేదు, నీళ్లు ఎర్రగా ఉన్నాయి, పొద్దున 6.9, మధ్యాహ్నం 7.1. అంతా బాగుందనిపిస్తుంది. తుపాను దాటి నాలుగు రోజులు ఎండ కాయగానే మట్టి అడుగుకు దిగి, పాచి లేచి, అడ్డుకునే శక్తి లేని నీళ్లలో మధ్యాహ్నం పీహెచ్ 9.5కు ఎగిరిపోతుంది. తెల్లారితే మళ్లీ 6.6. వాన వెలిసిన రెండో రోజే ఆల్కలినిటీ కిట్టు తీయండి.

జనవరి, ఫిబ్రవరిలో పెద్దగా మార్పులుండవు. వారానికి ఒకసారి చాలు. పాత పొట్లాలు పారేసి కొత్తవి కొనుక్కోవడానికి మంచి సమయం.

సున్నం

నా కథ ఇదీ. కొన్నేళ్ల కిందట, పెన్ను కొన్న కొత్తలో, సరిచేయకుండానే ఒక తెల్లవారుజామున చూస్తే 6.1. వెంటనే అంగడికి పోయి ‘సున్నం’ అడిగాను. ఇచ్చింది వేడి సున్నం. మధ్యాహ్నం రెండింటికి, మండే ఎండలో, బస్తా అంతా చల్లేశాను. సాయంత్రానికి చేపపిల్లలు వెల్లకిలా తేలాయి. తర్వాత పెన్ను సరిచేసి చూస్తే అది దాదాపు ఒక అంకె తక్కువ చూపిస్తోంది. నీళ్లు మొదట్లో 7కు అటూ ఇటూ ఉన్నట్టు. పెన్ను తప్పు, వేళ తప్పు, సున్నం తప్పు. అంగడివాడిని అనడానికేం లేదు, ఏ సున్నమో నేను చెప్పలేదు.

వ్యవసాయ సున్నం అంటే సున్నపురాయి పొడి, కాల్షియం కార్బొనేట్. చేపలు ఉన్న కుంటకు అదే. నిదానంగా కరుగుతుంది, పీహెచ్‌ను 8.3 దాటి పెంచదు. కాల్చిన సున్నం, అంటే నాకిచ్చిన వేడి సున్నం, దానికి నీళ్లు చేర్చిన తడి సున్నం ఒక్కసారిగా 10 పైకి తీసుకుపోగలవు. ఎండిన కుంట అడుగున చల్లడానికి అవి, చేపల మీద కాదు.

ఎంత వేయాలో చిన్న లెక్క. వెయ్యి ఘనపు మీటర్ల నీటిలో కిలో సున్నపురాయి పొడి పూర్తిగా కరిగితే ఆల్కలినిటీ లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరుగుతుంది. మా ముక్కాలు ఎకరా దాదాపు 3,000 చదరపు మీటర్లు, సగటు లోతు మీటరున్నర, అంటే 4,500 ఘనపు మీటర్లు. 10 మిల్లీగ్రాములు పెంచాలంటే 45 కిలోలు. కొంత కరగకుండా బురదలోకి పోతుంది కాబట్టి ఒకేసారి వేయను. 20 కిలోలు ముందు రోజే నానబెట్టి, పొద్దునే కట్ట చుట్టూ తిరుగుతూ చల్లి, వారం ఆగి మళ్లీ కొలుస్తాను.

పుస్తకంలో ఏం రాయాలి

తేదీ, కార్తె, వేళ, ఆకాశం, వాన, నీళ్ల రంగు, నీటి మట్టం, పై అంకె, అడుగు అంకె, ఆ రోజు ఏం వేశాం. నీటి మట్టానికి కుంటలో గీతలు గీసిన ఒక రాతి స్తంభం పాతుకోండి. నా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: “చిత్త కార్తె, పొద్దున 5.40, మబ్బు, నిన్న గట్టి వాన, నీళ్లు కాఫీ రంగు, గీత 7, పైన 6.9, అడుగు 6.5, మేత ఆపాం.”

పీహెచ్ అంకె కంటే పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య తేడాను ఎర్ర పెన్నుతో రాసుకోండి. నేను ముందు చూసేది దాన్నే. సగం నుంచి ఒక అంకె తేడా ఉంటే కుంట నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. అది ఒకటిన్నర దాటితే పాచి మితిమీరింది, లేదా ఆల్కలినిటీ పోయింది. మంచి ఎండ కాస్తున్నా తేడా లేకపోతే బురద వెలుతురును ఆపుతోంది, లేదా పాచి ఒక్కసారిగా చచ్చింది. అదీ కాకపోతే పెన్నును 6.86లో ముంచి చూడండి. తెల్లవారి అంకె వరుసగా మూడు రోజులు 6.5 కిందే ఉంటేనే సున్నం మాట.

ఏడాదికి ఒకసారి నీళ్లు, అడుగు మట్టి కృషి విజ్ఞాన కేంద్రానికో మత్స్యశాఖ వారికో చూపించండి. సీసా మీద తీసిన వేళ, కట్ట మీద మీకు వచ్చిన అంకె రాసి ఇవ్వండి. వాళ్ల కాగితంలో పీహెచ్ మీ అంకెతో సరిపోకపోతే తగాదా పడకండి. దారిలో ఆ నీళ్లు మారి ఉంటాయి. ఆల్కలినిటీ, కాఠిన్యం, మట్టి పీహెచ్ మాత్రం అంత తొందరగా మారవు, వాటిని వాళ్ల కాగితం చూసే పుస్తకంలోకి ఎక్కించుకోండి.